వేలు చేసిన పనికి కర్త ఎవరు?

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఏళ్ల తరబడి రాసేవాళ్ల చేతికి ఒక కదలిక పట్టుబడిపోతుంది. టైపు చేస్తుండగా ఒక మాట నచ్చకపోతే కంట్రోల్ నొక్కి పట్టుకుని డబ్ల్యూ కొడతారు, కర్సర్‌కు వెనకున్న మాట మొత్తం చెరిగిపోతుంది. యూనిక్స్ టెర్మినల్‌లోనూ ఆ జంట కీలు చేసేది అదే పని. అలాంటి అలవాటున్న మనిషి విండోస్ కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి, ఏదో దరఖాస్తు ఫారంలో నాలుగు పేరాల వివరణ రాశాడనుకుందాం. అయిదో పేరా మధ్యలో ఒక మాట తప్పు పడింది. వేళ్లు వాటంతటవే కదిలాయి. బ్రౌజర్‌కు కంట్రోల్-డబ్ల్యూ అంటే తెరిచి ఉన్న ట్యాబ్‌ను మూసెయ్యమని. రాసిందంతా పోయింది. పోగొట్టాలని అతను అనుకోలేదు. అసలు ఆ క్షణాన ఫలానా కీ నొక్కాలని కూడా అనుకోలేదు, మాట చెరపాలని మాత్రమే అనుకున్నాడు. అయినా పని జరిగింది, జరిపింది అతని చెయ్యే. ఈ పనికి కర్త ఎవరు?

సంఘటన చిన్నదే గాని, ప్రశ్న మాత్రం మన దర్శనాలు రెండువేల ఏళ్లకు పైగా తర్కించుకున్నది. తలపు లేకుండా శరీరం చేసిన పని ఎవరి ఖాతాలో పడుతుంది? దీనికి ఒక జవాబు ఉందనీ, ఎడిటర్‌లో మనం సొంతంగా పెట్టుకునే కీబోర్డ్ షార్ట్‌కట్‌లను దగ్గరగా చూస్తే ఆ జవాబు మిగతా చోట్ల కంటే స్పష్టంగా కనబడుతుందనీ నా వాదన. ఆలోచించకుండా చేసిన పనికి కర్త మరెవరో కాదు. ఒకప్పుడు ఆలోచించి ఆ పనిని తన చేతికి అప్పగించి, ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకోని మనిషే.

పాత వాదాన్ని ముందు చూద్దాం. మజ్ఝిమనికాయంలోని ఉపాలి సుత్తం నాలందాలో జరిగిన ఒక చర్చను చెబుతుంది. చెడ్డ కర్మల్లో శరీరంతో చేసింది బరువైనదా, మనసుతో చేసింది బరువైనదా అన్నది అక్కడి విషయం. శరీరంతో చేసిందే బరువైనదని నిగంఠుల పక్షం, అంటే జైనుల పక్షం. మనసుతో చేసిందే అని బుద్ధుడి పక్షం. ఉపాలి నిగంఠుల శిష్యుడిగా వాదానికి వెళ్లి బుద్ధుడి శిష్యుడిగా తిరిగొస్తాడు. ఇది బౌద్ధులు రాసుకున్న కథనం కాబట్టి జైనులకు పూర్తి న్యాయం చెయ్యలేదు. జైనులు స్వయంగా ఏమన్నారో తెలియాలంటే ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం చూడాలి. దిగంబరులూ శ్వేతాంబరులూ ఇద్దరూ అంగీకరించే ఆ గ్రంథం హింసను నిర్వచించేటప్పుడు వట్టి శరీర చర్య దగ్గర ఆగలేదు, ఏమరుపాటుతో కూడిన ప్రవృత్తి వల్ల ప్రాణం తియ్యడం అంది. అంటే అక్కడ కూడా మనిషి లోపలి స్థితికి చోటుంది.

ఇప్పుడు ఈ కొలతలను మన బ్రౌజర్ మనిషికి పెట్టి చూస్తే ఏదీ సరిపోదు. సంకల్పమే కర్మ అంటే అతనికి ట్యాబ్ మూసే సంకల్పం లేదు కాబట్టి అతను కర్త కాడు. కాని చెయ్యి వేరొకరు పట్టుకుని కదిపినట్టు కదల్లేదు, ఏళ్లుగా అతనే నేర్పిన కదలిక అది. పోనీ, ఏమరుపాటు అందామా? అతను ఏమరలేదు. రాస్తున్న వాక్యం మీద మనసంతా పెట్టి ఉన్నాడు. కీల మీద మనసు పెట్టనక్కర లేకుండా చెయ్యడానికే కదా షార్ట్‌కట్ ఉన్నది. అది అనుకున్నట్టే పని చేసినందువల్ల జరిగిన నష్టాన్ని అజాగ్రత్త అనడం అన్యాయం.

ఈ చిక్కును విప్పే దారి నాకు వసుబంధుడి అభిధర్మకోశం నాలుగో అధ్యాయంలో దొరుకుతుంది. అక్కడ వైభాషికులనే బౌద్ధ శాఖవారు అవిజ్ఞప్తి అనే ఒక కర్మను ప్రతిపాదిస్తారు. ఒకడు భిక్షువుగా నియమాలు స్వీకరిస్తాడు. మాట పలకడం అయిపోయింది, జోడించిన చేతులు దిగాయి. తర్వాత అతను నిద్రపోతాడు, అతని మనసు ఎక్కడెక్కడో తిరుగుతుంది. ఆ సమయంలో అతను నియమంలో ఉన్నట్టా, లేనట్టా? ఉన్నట్టే అంటారు వైభాషికులు. బయటికి కనపడకపోయినా, మనసు చెదిరి ఉన్నా, అసలు ఎరుకే లేకున్నా, ఆ స్వీకారం ఒక ప్రవాహంలా అతనిలో సాగుతూనే ఉంటుంది. హత్య చెయ్యమని మరొకణ్ని పంపినవాడి సంగతీ అంతే. హత్య జరిగే వేళకు వాడు భోజనం చేస్తున్నా సరే, కర్మ పూర్తయ్యేది ఆ వేళకే, వాడికి చుట్టుకునేదీ అప్పుడే. మరో బౌద్ధ శాఖవారైన సౌత్రాంతికులు దీన్ని ఒప్పుకోలేదు. అవిజ్ఞప్తి అని ప్రత్యేకంగా ఒక పదార్థం లేదనీ, చిత్తసంతానంలో వచ్చే మార్పుతోనే ఇదంతా చెప్పవచ్చనీ వాళ్లన్నారు. ఆ తగాదా ఇక్కడ తేల్చుకోనక్కర లేదు. చేసిన క్షణంతోటే కర్మ ముగిసిపోదనే విషయంలో ఇద్దరూ ఒకటే. ఇంకొక సంగతి కూడా గమనించాలి. తీసుకున్న నియమం మరచిపోయినంత మాత్రాన పోదు, అర్థం చేసుకోగల మరొకరి ముందు విడిచిపెడుతున్నానని చెప్పి విడిచిపెట్టాలి. పట్టుకోవడం ఎలా ఒక చర్యో, వదలడమూ అలాగే ఒక చర్య.

ఎడిటర్‌లో షార్ట్‌కట్ పెట్టుకోవడం సరిగ్గా ఇలాంటి స్వీకారం. విమ్ సెట్టింగ్స్ ఫైల్లో ఒక మనిషి ఒక పంక్తి రాస్తాడు: మామూలు మోడ్‌లో, అంటే కీలు అక్షరాలుగా కాక ఆదేశాలుగా పనిచేసే స్థితిలో, లీడర్ కీ, ఆ వెంటనే డబ్ల్యూ నొక్కితే ఫైలును సేవ్ చెయ్యి. లీడర్ అంటే విమ్ వాడుకరికి విడిచిపెట్టిన కీ. ఏమీ మార్చకపోతే అది బ్యాక్‌స్లాష్. ఈ పంక్తి స్వరూపం మన తర్కశాస్త్రం చదివినవాళ్లకు కొత్త కాదు. తెలుగువాడిగా పండితులు చెప్పే అన్నంభట్టు తర్కసంగ్రహంలో మాటకు అర్థం చెప్పే శక్తి ఎక్కడిదో వివరిస్తూ, ఈ మాట వల్ల ఈ అర్థం తెలియాలి అనే ఈశ్వర సంకేతమే ఆ శక్తి అంటాడు. షార్ట్‌కట్ పంక్తిలో ఉన్నదీ అదే ఆకారం: ఈ కీ వల్ల ఈ పని జరగాలి. ఈశ్వరుడు ఉన్న చోట ఇక్కడ మామూలు మనిషి ఉన్నాడు. ఈమాక్స్ ఎడిటర్ ఈ విషయంలో ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. అందులో ‘ఎ’ కీ నొక్కితే ‘ఎ’ పడటం కూడా సహజం కాదు. ఆ కీకి, తన అక్షరాన్ని తానే చొప్పించే ఒక కమాండ్‌ను కట్టిపెట్టారు కాబట్టి పడుతుంది. కావాలంటే దాన్నీ మార్చుకోవచ్చు. స్వభావం అనుకున్నది కూడా ఎవరో ఒకరు పెట్టిన సంకేతమే.

సంకేతం పెట్టిన మొదటి వారం మనిషి ప్రతిసారీ గుర్తు తెచ్చుకుంటాడు. లీడర్, డబ్ల్యూ, ఆ, సేవ్. నెల తిరిగేసరికి గుర్తు తెచ్చుకోవడం ఆగిపోతుంది. అనుభవం నుంచి పుట్టి స్మృతికి కారణమయ్యే సంస్కారాన్ని తర్కసంగ్రహం భావన అంటుంది. ఇక్కడ ఆ సంస్కారం స్మృతిని కూడా పక్కకు తప్పించి నేరుగా వేలిలోకి దిగుతుంది. ఏ షార్ట్‌కట్‌తో సేవ్ చేస్తారని అడిగితే చాలామంది చెప్పలేరు, గాల్లో వేళ్లు కదిపి చూసుకుని చెబుతారు. ఫ్రెంచి తాత్త్వికుడు మెర్లో-పాంటీ 1945లో వచ్చిన తన గ్రంథంలో టైపిస్టు ఉదాహరణ తీసుకుని, ఇది చేతుల్లో ఉండే జ్ఞానం అన్నాడు. మంచి పరిశీలనే గాని, ఆ జ్ఞానాన్ని చేతుల్లోకి ఎవరు పంపారన్న ప్రశ్న అక్కడ తలెత్తలేదు. మామూలు అలవాట్ల విషయంలో ఆ ప్రశ్నకు జవాబు దొరకదు కూడా. నడక తీరు, మాట యాస, కోపం వస్తే గొంతు పెరగడం, వీటికి పుట్టిన తేదీ లేదు. షార్ట్‌కట్‌కు ఉంది. సెట్టింగ్స్ ఫైలును, మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్‌లో దాచుకునేవాళ్లు ఎందరో. ఆ చరిత్ర తెరిస్తే ఆ పంక్తి ఏ రోజున, ఏ గంటకు చేరిందో కనిపిస్తుంది. ఒక అలవాటు ఇంకా అలవాటు కాక ముందు, అది నిండు ఎరుకతో తీసుకున్న నిర్ణయంగా ఉన్న క్షణాన్ని ఇలా పట్టి చూపించే సాక్ష్యం మరెక్కడా ఇంత తేటగా దొరకదు.

దీని మీద మొదటి ఆక్షేపణ బలమైనది. ఆ పంక్తి రాసిన నిర్ణయం మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? అంతకు ముందరి అలవాట్ల నుంచి, చూసినవాటి నుంచి, వాటి వెనక మరి కొన్నిటి నుంచి. ఇలా వెనక్కి వెళ్తూ ఉంటే కర్త ఎక్కడా దొరకడు, అనవస్థాదోషం తప్పదు. విమ్‌లో ఈ దోషం కళ్లకు కనబడుతుంది. మ్యాప్ అనే మామూలు ఆదేశంతో సెమికోలన్‌కు కోలన్‌ను, కోలన్‌కు సెమికోలన్‌ను కట్టామనుకోండి. ఒకటి నొక్కితే అది రెండోదవుతుంది, రెండోది మళ్లీ మొదటిదవుతుంది. ఇలా వెయ్యి మెట్ల దాకా తిరిగి, ఇది పునరావృత్తి అని విమ్ చేతులెత్తేస్తుంది. అందుకే నోరీమ్యాప్ అనే మరో ఆదేశం ఉంది. కుడివైపున్నదాన్ని దాని మొదటి అర్థంలోనే తీసుకో, ఇంకే సంకేతం గుండానూ తిప్పకు అని దాని భావం. దాంతో రెండు కీలూ చక్కగా స్థానాలు మార్చుకుంటాయి. కర్తృత్వం గురించి అడిగేటప్పుడు మనం చేస్తున్నదీ ఇదే. సంస్కారాల పరంపరకు ఆది లేకపోవచ్చు. విత్తుకూ మొలకకూ ఆది చెప్పలేకపోయినా మన శాస్త్రకారులు దాన్ని దోషం అనలేదు. కాని ఆ పరంపరలో ఒక చోట మనిషి ఆగి, ‘దీన్ని ఇక నుంచి ఇలా తీసుకో’ అన్నాడు. తన గుండా ప్రవహించిపోయిన పనికీ, తాను ఆగి నాటిన పనికీ తేడా ఉంది. బాధ్యత నిలవడానికి ఆ తేడా చాలు. మనిషి ఇచ్ఛ సంపూర్ణంగా స్వతంత్రమని రుజువు చెయ్యాల్సిన పని లేదు.

రెండో ఆక్షేపణ వేదాంతం వైపు నుంచి వస్తుంది. పనులన్నీ ప్రకృతి గుణాలే చేస్తున్నాయనీ, నేనే కర్తననుకోవడం అహంకారపు భ్రమ అనీ గీత మూడో అధ్యాయం చెప్పలేదా? చెప్పింది. కాని అదే గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు లెక్కపెట్టింది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. కర్తను లెక్కలోంచి తీసెయ్యలేదు, అయిదింటిలో ఒకటిగా నిలిపింది. బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయంలో జీవుడు కర్తేనని స్థాపించి, కొంచెం ముందుకు వెళ్లాక వడ్రంగి ఉదాహరణ ఇస్తాయి. శంకరులు దాన్ని వివరిస్తూ, ఉలీ బాడిసా చేతబట్టినప్పుడు వడ్రంగి కర్త అవుతాడనీ, అవి దించి ఇంటికి చేరినప్పుడు స్వస్థంగా ఉంటాడనీ అంటారు. అంటే కర్తృత్వం పనిముట్టుతో కూడిన స్థితిలోనిది. కీబోర్డ్ ముందు కూర్చున్నవాడు పనిముట్టు దించలేదు. కాబట్టి అక్కడ పరమార్థాన్ని అడ్డం పెట్టుకుని తప్పుకోవడం కుదరదు. పైగా ఈ అయిదు కారణాల లెక్క బ్రౌజర్ మనిషికి న్యాయం చేస్తుంది. ఆ జంట కీలకు బ్రౌజర్‌లో వేరే అర్థం పెట్టింది అతను కాదు. అతను కర్తే గాని ఒక్కడే కర్త కాడు. నష్టానికి బాధ్యుడు, నేరస్థుడు కాడు.

మరి సొంతంగా ఏ పంక్తీ రాయనివాళ్ల మాటేమిటి? కంట్రోల్-డబ్ల్యూ కూడా విమ్‌తో వచ్చిందే కదా. నిజమే, మన వేళ్లలో ఉన్న సంస్కారాల్లో చాలా వరకు వారసత్వంగా వచ్చినవే. విమ్‌లో కర్సర్ కిందికి జరగాలంటే ‘జె’ నొక్కాలి. దాని పూర్వరూపమైన వీఐని బిల్ జాయ్ ఏడీఎం-3ఎ అనే టెర్మినల్ ముందు కూర్చుని రాశాడు. ఆ టెర్మినల్‌కు బాణం కీలు విడిగా లేవు, హెచ్, జె, కె, ఎల్ కీల మీదే బాణాలు ముద్రించి ఉండేవి. 1970ల నాటి ఆ యంత్రం పోయింది, దాని సంస్కారం హైదరాబాద్‌లో ఇవాళ కోడ్ రాసే కుర్రవాడి కుడిచేతిలో ఉంది. అదే కుర్రవాడు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరిక పెట్టి తెలుగులో రాస్తూ మామూలు మోడ్‌లోకి వచ్చి ‘జె’ నొక్కితే కర్సర్ కదలదు, ఎందుకంటే ఎడిటర్‌కు చేరింది ‘ర’ అనే అక్షరం. వేలు పాత సంకేతమే పలికింది, వినేవాడి భాష మారింది. దీనికీ విమ్‌లో లాంగ్‌మ్యాప్ అనే అమరిక ఉంది, ఆ మోడ్‌లో ‘ర’ వస్తే ‘జె’ గా తీసుకో అని ఒక పంక్తి రాసుకోవచ్చు. వారసత్వం గురించి నా జవాబు ఈ అమరికల్లోనే ఉంది. అడిగి తెలుసుకునే వీలూ, మార్చుకునే వీలూ ఉన్న చోట, మార్చకుండా ఉంచుకోవడం కూడా ఒక మేరకు స్వీకారమే. ఈమాక్స్‌లో కంట్రోల్-హెచ్, తర్వాత ‘కె’ నొక్కి, ఆపైన ఏ కీ నొక్కినా, అది తన పని చెయ్యదు, తాను ఏం చేస్తుందో చెబుతుంది. ఒక అలవాటును నడవనివ్వకుండా నిలబెట్టి నువ్వెవరని అడగడం ఇది. ధ్యానమార్గాలు ఎంతో సాధన మీద సాధించమన్న పనికి ఇక్కడ రెండు కీలు చాలు.

ఆ వీలు లేని చోట మాత్రం బరువు ఇచ్చినవాడి మీద పడుతుంది. సెట్టింగ్స్‌కు తాళం వేసిన ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగిని స్వీకరించావని అనలేం. ఈ విషయంలో ఈమాక్స్ తయారీదారులు పెట్టుకున్న ఒక కట్టుబాటు మీద నాకు నిజమైన గౌరవం ఉంది. కంట్రోల్-సి తర్వాత ఒక్క అక్షరం వచ్చే సంకేతాలన్నీ వాడుకరివే, ఏ ప్యాకేజీ రాసేవాడూ వాటిని ఆక్రమించకూడదు. ఎఫ్5 నుంచి ఎఫ్9 వరకు కీలు కూడా అంతే. ఎదుటివాడి కర్తృత్వానికి చోటు వదిలిపెట్టాలన్న ధర్మాన్ని ఇంత ఖచ్చితంగా, ఇన్ని కీలు అని హద్దు గీసి రాసుకున్న చోట్లు తక్కువ.

స్వీకరించినదాన్ని వదలడం కూడా చర్యే అన్నాను. పంక్తి చెరిపేస్తే సంకేతం పోతుంది, వేలు మాత్రం పాత చోటికే వెళ్తుంది. యోగసూత్రాలు ఒక సంస్కారాన్ని అడ్డగించేది మరో సంస్కారమే అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. విమ్ నేర్చుకునేవాళ్లలో కొందరు నాలుగు బాణం కీలనూ ఏ పనీ చెయ్యని శూన్య ఆదేశానికి కట్టేస్తారు. వేలు అలవాటుగా బాణం నొక్కుతుంది, ఏమీ జరగదు, చెయ్యి హెచ్, జె, కె, ఎల్ దగ్గరికి తిరిగి రావాల్సి వస్తుంది. తన దారిని తానే మూసుకోవడం ఉపవాసానికీ మౌనానికీ ఉన్న తర్కమే. రేపటి తన బలహీనతను ఈరోజే ఊహించి దానికి కట్టడి పెట్టిన మనిషి, రేపు తలపు లేకుండా చేసే పనికి కూడా కర్తగా నిలబడటానికి సిద్ధపడ్డవాడు.

ఇంత చిన్న విషయానికి ఇంత తర్కం ఎందుకని అడగవచ్చు. మాట చెరిపే కీ వల్ల పుణ్యపాపాలు రావు కదా? నిన్నటి దాకా ఈ ఆక్షేపణలో కొంత బలం ఉండేది. 2021 నుంచి ఎడిటర్లలోకి వచ్చిన గిట్‌హబ్ కోపైలట్ లాంటి సాధనాలతో ఆ బలం పోయింది. రాస్తుండగానే యంత్రం తరువాతి వాక్యాన్నో, పది పంక్తుల కోడ్‌నో మసక రంగులో చూపిస్తుంది. ట్యాబ్ నొక్కితే అది మనదవుతుంది. ట్యాబ్ అప్పటికే వేలికి బాగా అలవాటైన కీ, పంక్తిని లోపలికి జరపడానికి రోజూ వందలసార్లు నొక్కేది. సేవ్ చేసే షార్ట్‌కట్ ఎన్నిసార్లు నొక్కినా చేసే పని ఒక్కటే. అందుకే దాన్ని ఒకసారి ఆలోచించి చేతికి అప్పగిస్తే సరిపోతుంది, ఆనాటి ఎరుక మిగతా సార్లన్నిటికీ చాలుతుంది. అంగీకరించే కీ అలాంటిది కాదు. అది ప్రతిసారీ కొత్త విషయానికి ఒప్పుకోలు. దాన్ని అలవాటుగా మార్చుకోవడం ఖాళీ కాగితాల కట్ట మీద ముందుగానే సంతకాలు పెట్టి ఇవ్వడం. హత్యకు మనిషిని పంపినవాడికి కనీసం ఎవర్ని చంపమన్నాడో తెలుసు. ఇక్కడ ఏం ఒప్పుకున్నామో ఒప్పుకున్నాక గాని తెలియదు, ఒక్కోసారి అప్పుడు కూడా తెలియదు. అయినా పైన చెప్పిన లెక్క ప్రకారం కర్తృత్వం మనదే. ఆ వాక్యం ఒకరి మీద నిందైతే, ఆ కోడ్ ఒకరి డబ్బును తప్పుగా లెక్కకడితే, యంత్రం రాసింది, నేను ట్యాబ్ కొట్టానంతే అనడం చెల్లదు.

ప్రతిసారీ చదివి ఒప్పుకుంటే వేగం పోతుందని అంటారు, పోతుంది. కాని అన్ని పనులకూ వేగం ఒకే రకంగా మేలు కాదు. షార్ట్‌కట్ పుణ్యమా అని సేవ్ చెయ్యడంలో మిగిలిన క్షణం నిజంగా మిగిలింది, ఎందుకంటే అక్కడ తీర్పు చెప్పాల్సిందేమీ లేదు. చదివి ఒప్పుకోవడంలో మిగిల్చిన క్షణం చదవడం నుంచి కోసుకున్నది. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఈ రెంటినీ విడదీసే వీలుంది. కంట్రోల్-కె, కంట్రోల్-ఎస్ నొక్కితే షార్ట్‌కట్‌ల పట్టిక తెరుచుకుంటుంది. అక్కడ సూచనను అంగీకరించే ఆదేశాన్ని వెతికి, దాని నుంచి ట్యాబ్‌ను తీసేసి, రెండు దెబ్బల్లో గాని పూర్తికాని మరో జంటకు కట్టవచ్చు. వాడుకరి రాసుకున్న నియమాలు ఎడిటర్‌లో ముందే ఉన్న నియమాల తర్వాత చేరతాయి, రెంటికీ పోటీ వస్తే తర్వాతిదే చెల్లుతుంది. పాణిని కూడా సమబలమున్న సూత్రాలు తలపడినప్పుడు తర్వాతి సూత్రానికే జయం ఇచ్చాడు. సూచన కనబడుతున్నప్పుడే ఆ జంట పనిచెయ్యాలని షరతు కూడా పెట్టుకోవచ్చు. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య అర సెకను పడుతుంది. మసక రంగులో ఉన్న వాక్యాన్ని చివరి దాకా చదవడానికి ఆ వ్యవధి ఒక్కటే చాలదు గాని, చదవాలన్న సంగతి గుర్తు రావడానికి చాలుతుంది.